చేత్తో వినేవాడు

అప్పలకొండ చాలా మంచివాడని భిలాయి పక్కనున్న చరోదాలో పేరు. ఎవరేం చెప్పినా తల ఊపుతాడు. పెళ్ళికి పిలిస్తే ఊపుతాడు, పని చెబితే ఊపుతాడు, మొహం మీద తిట్టినా ఊపుతాడు. ఎదురు మాట అనడు, అడ్డు ప్రశ్న వెయ్యడు. అలాంటి ముసలాయన ఇంటికొకడుంటే చాలని రైల్వే కాలనీ కోడళ్ళు తమ మామగార్ల వైపు చూసి నిట్టూర్చేవారు. ఆ మంచితనం గుట్టు మాత్రం అతని భార్య నూకాలమ్మకి ఒక్కదానికే తెలుసు. అతనికి చెవులు వినపడవు. వినపడనివాడికి తల ఊపడమంత సులువైన బతుకు ఇంకోటి లేదు.

పుట్టుకతో వచ్చిన చెవుడు కాదది. చీపురుపల్లి దగ్గరి పల్లె నుంచి మీసాలు మొలిచే వయసులో మేనమామ వెంట భిలాయి వచ్చి, ఇనుప దిమ్మలు సాగగొట్టే ఒక ప్రైవేటు ఫోర్జింగ్ షాపులో చేరాడు. ఎర్రగా కాలిన దిమ్మ మీద పెద్ద హేమరు పడుతుంటే షెడ్డులో నేల అదిరేది. అక్కడ మాటలుండవు, అన్నీ చేసైగలే. కొత్తలో ఇంటికొచ్చాక కూడా చెవుల్లో కీచురాళ్ళు అరిచేవి. పోనుపోను అవి మానేశాయి. అలవాటు పడ్డాననుకుని సంతోషించాడు వెర్రివాడు. పోతున్నది చెవులని అప్పుడు తెలియలేదు.

చెవి పోయినకొద్దీ చెయ్యి తేరింది. హేమరు కంబానికి అరచెయ్యి ఆనించి, 'కింద బోల్టు వదులైంది' అనేవాడు. విప్పి చూస్తే అది నిజమయ్యేది. మేస్త్రీలు కొత్తగా చేరిన కుర్రాళ్ళకి అతన్ని చూపించి, "ఈయన చేత్తో వింటాడు" అని చెప్పేవారు. ఆ మాటకి అతను పొంగిపోయేవాడు. ఏదో ఒకటి పుచ్చుకోకుండా బిరుదులెవరూ ఇవ్వరన్న సంగతి ఆ వయసులో ఎవరికి తడుతుంది?

ఏడాదికోసారి చెవుల పరీక్ష ఉండేది. గాజు గదిలో కూర్చోబెట్టి, చెవులకి తొడుగులు తగిలించి, చప్పుడు వినపడగానే బొత్తాం నొక్కమనేవారు. నొక్కలేనివాణ్ణి హేమరు దగ్గర్నుంచి తీసి షెడ్డు ఊడ్చే పనికి వేస్తారని షాపులో అందరికీ భయం. ఆ భయానికి మందు కూడా షాపులోనే దొరికింది. పక్క హేమరు మీద పనిచేసే రాజాబాబు చెప్పాడు.

"చెవిని నమ్ముకోకు బావా. కంపౌండరు మీట తిప్పినప్పుడల్లా ఆడి బుజం కదుల్తాది. ఆ బుజం చూసి నొక్కీ. అంతే!"

అందరూ అదే చేసేవారు. బయటికొచ్చి టీ తాగుతూ, కంపౌండరు భుజాన్ని అనుకరించి పగలబడి నవ్వుకునేవారు. అప్పలకొండ రిటైరయ్యేదాకా ఒక్క పరీక్ష కూడా తప్పలేదు. షాపు లెక్కలో అతనివి పసిపిల్లాడి చెవులు.

ఇంట్లో ఆ నాటకం నూకాలమ్మ నడిపింది. మగవాడికి చెవుడంటే నామోషీ అని ఆవిడ నమ్మకం. ఎవరైనా ఏదైనా అడిగితే తనే ముందు జవాబు చెప్పేది. అతనికి చెప్పాల్సింది ఎదురుగా నిలబడి, పెదాలు విప్పి, మెల్లగా చెప్పేది. కొడుక్కి కూడా తెలియనివ్వలేదు. ఆవిడ కన్నుమూసిన రోజున మొగుడి చెవుల్ని కూడా వెంట తీసుకుపోయింది. ఆ తర్వాత అతను పిలిస్తే పలక్కపోవడం చూసి, కొడుకు ఉదయ్‌కుమార్, "అమ్మ పోయినకాణ్ణుంచి నాన్న ధ్యాస ఇక్కడ నేదు" అని బాధపడేవాడు. కోడలు భాగ్యరేఖ ఆయనకి రెండు ముద్దలు ఎక్కువ వడ్డించేది. చెవుడికి జాలి దొరకదు గానీ దుఃఖానికి దొరుకుతుంది. అప్పలకొండ ఆ జాలిని కాదనలేదు.

ఉదయ్ చరోదా యార్డులో పాయింట్స్‌మన్. పట్టాల మధ్య పరుగెడుతూ వ్యాగన్లు కలపడం, విడదీయడం అతని పని. పూర్తిగా కాళ్ళ మీద బతికే ఉద్యోగం. వానలు పట్టిన రోజుల్లో డ్యూటీ దిగి వస్తుంటే, ఇనుప చుట్టలు మోసుకెళ్ళే ట్రెయిలరొకటి అతని మోటార్‌సైకిల్‌ని రోడ్డు వారకి ఒత్తేసింది. ఎడమ కాలు మోకాలి కింద విరిగి, ఎముక చర్మం చీల్చుకుని బయటికొచ్చింది. పిక్క ముందు భాగంలో తోలన్నది మిగల్లేదు. అందులో బురద, ఇసుక. రైల్వే వాళ్ళు రాసి పంపగా, ఊళ్ళో ఒక ప్రైవేటు ఆస్పత్రిలో చేర్చారు.

ఆపరేషను చేసి బయటికొచ్చిన డాక్టరు మాస్కు దించి, వేలితో తన కాలి మీదే చూపిస్తూ, హిందీలో నిదానంగా చెప్పాడు. పెదాలు కనపడ్డాయి కాబట్టి అప్పలకొండకి ప్రతి మాటా అందింది. ఎముకని బయటి నుంచి ఇనుప కడ్డీలతో బిగించారు. పుండు మూయడానికి చర్మం లేదు. తెరిచి వదిలేస్తే ఎముక ఎండిపోతుంది. అందుకని పుండులో స్పాంజి పెట్టి, పైన పల్చటి ప్లాస్టిక్ పొర అంటించి, గొట్టం తగిలించారు. గొట్టం చివర మిషను. అది లోపలి గాలినీ చెడు నీటినీ లాగుతూ ఉంటుంది. పుండు శుభ్రపడి ఎర్రగా తేరితే, ఇంకోచోటి కండ తెచ్చి కప్పుతారు. కాలు నిలుస్తుంది.

"గాలి మాత్రం దూరకూడదు" అన్నాడు డాక్టరు. "లాగడం ఆగిపోతే ఆ స్పాంజి మందు కాదు, కుళ్ళు మూట. తెలిసిన వెంటనే తీసి కడిగేయాలి."

అప్పలకొండ తల ఊపాడు. ఆ ఊపు నిజమైనది.

మంచం కమ్మీకి తగిలించిన ఆ చిన్న డబ్బా మీద అరచెయ్యి ఆనించి చూశాడు. లోపల మోటారు కాసేపు తిరిగి ఆగింది. మళ్ళీ తిరిగింది. భార్య పోయాక మొదటిసారి తనకి అర్థమయ్యే వస్తువొకటి ఈ లోకంలో కనపడిందనిపించింది. భాగ్యరేఖ కళ్ళు నిద్రలేక వాచి ఉన్నాయి. కూతురు అమ్ముని పక్కింట్లో వదిలి వచ్చింది.

"మద్దేనం పూట నాను కూకుంటానమ్మా" అన్నాడు. "నువ్వు ఇంటికెళ్ళి తానం చేసి, పిల్లకి బువ్వెట్టి రా. మిషను సంగతి నాకొగ్గీ."

"పక్కా చూస్తారు కదా మావయ్యా? ఏదైనా ఐతే సిస్టర్ని పిలవండి" అంది భాగ్యరేఖ, అప్పటికే సంచి సర్దుతూ, అటు తిరిగి. అతను తల ఊపాడు.

ఆ అంతస్తుకంతటికీ ఆ మధ్యాహ్నం నర్సు బేబీ ఒక్కతే. కాంట్రాక్టు ఏజెన్సీ వాళ్ళు పెట్టిన, దుర్గ్ నుంచి వచ్చే పిల్ల. పరుగు మీద వచ్చి, ఉదయ్‌కి నొప్పి తెలియకుండా సూది ఇచ్చి, మిషను చూపిస్తూ మాస్కులోంచే చెప్పింది.

"అంకుల్‌జీ, యే బజే తో తురంత్ ముఝే బులానా. ఠీక్ హై?"

ఇది మోగితే వెంటనే నన్ను పిలవండి అంది. అప్పలకొండకి కనపడింది నీలం గుడ్డ, దానిపైన రెండు కళ్ళు. 'బాగా చూసుకోండి' అని ఉంటుందిలే అనుకున్నాడు. తల ఊపాడు. ఆ పిల్ల నిశ్చింతగా వెళ్ళింది.

ఒక్క మాట, 'ఏటన్నావమ్మా?' అని అడిగి ఉంటే ఏం పోయేది? పరువు పోయేది. గాజు గదిలో కంపౌండరు భుజం చూసి సంపాదించిన పరువు.

ఉదయ్ మత్తులో ఓసారి నడుం కదిపాడు. ఇనుప కడ్డీ ఎముకలోకి దిగినచోట ప్లాస్టిక్ పొర గోరంత లేచింది. పైన దుప్పటి ఉంది, కంటికి ఆనలేదు. మిషనుకి తెలిసింది. అది గొంతెత్తి అరవడం మొదలుపెట్టింది.

సన్నటి, పదునైన కూత. పక్క గదిలోవాళ్ళకి వినపడింది. ఆస్పత్రిలో ఏదో ఒకటి మోగుతూనే ఉంటుంది, వాళ్ళ మనిషి లోపల ఉన్నాడు కదా అని తలుపేసుకున్నారు. బేబీ కింద అంతస్తులో ఎవరినో ఆపరేషన్ గదికి దింపుతోంది. చెవిటివాడి ముందు శంఖమంటే జనం నవ్వుతారు. ఆ గదిలో జరిగింది అదే. నవ్వేవాళ్ళు లేరంతే.

అప్పలకొండ నిద్రపోలేదు. ఆ అపవాదు అతని మీద వెయ్యకూడదు. కుర్చీ మంచానికి ఆనించుకుని, డబ్బా మీద అరచెయ్యి తియ్యకుండా కూర్చున్నాడు. ఇందాకటిలా ఆగాగి తిరగడం లేదు మోటారు. ఆపు లేకుండా, గట్టిగా తిరుగుతోంది. పొర లేచి గాలి దూరుతుంటే, లాగలేక గిజగిజలాడుతున్న మోటారది. అతని చేతికి మాత్రం మంచి జోరు మీదున్న మిషనులా తగిలింది. డబ్బా మీద పసుపు దీపం కూడా వెలిగి ఆరుతోంది. షాపులో నెత్తి మీద క్రేను నడుస్తున్నంతసేపూ పసుపు దీపం తిరిగేది. పసుపు దీపమంటే పని జరుగుతోందని అర్థం. బతుకంతా నేర్చుకున్న చదువు అదొక్కటే, అదీ అతన్ని ముంచింది.

ఉదయ్ మత్తులోనే కళ్ళు సగం తెరిచాడు. మొహం చిట్లించి, "నాన్నా... ఏటది... పిలు" అని గొణిగాడు. పెదాలు సరిగ్గా కదల్లేదు. అప్పలకొండ అతని నుదుటి మీద చెయ్యి వేసి, నవ్వి, తల ఊపాడు.

"లాగుతంది రా బాబూ. బాగా లాగుతంది. నువ్వు పడుకో."

ఉదయ్ కళ్ళు మూసుకున్నాడు. తండ్రి తల ఊపాక ఇంకేం భయం?

దీపాలు పెట్టే వేళకి భాగ్యరేఖ వచ్చింది. లిఫ్టు తలుపు తెరుచుకోగానే ఆ కూత వినపడి, కేరేజీ చేత్తో పట్టుకునే పరుగెత్తింది. వెనకాలే బేబీ.

"ఎప్పట్నుంచి మోగుతోంది మావయ్యా ఇది?"

కోడలి మొహంలో భయం చూసి, ఏదో తేడా వచ్చిందని మాత్రం అతనికి అర్థమైంది.

"ఇప్పటిదాకా బాగానే నడిచిందమ్మా" అన్నాడు. "నాను చెయ్యి తియ్యలేదు."

నిజమే చెప్పాడు. అక్కడే ఉంది దరిద్రమంతా. అబద్ధమైతే ఎక్కడో ఒకచోట తడబడేవాడు. అలారం అప్పుడే మొదలైందనుకున్నారు ఇద్దరూ. బేబీ లేచిన అంచు మీద కొత్త పొర అంటించింది. కూత ఆగింది. పూటంతా గాలి దూరిందని తెలిస్తే డాక్టర్ని పిలిచేది, స్పాంజి తీసి కడిగేవారు. ముసలాయన ఇప్పటిదాకా బాగానే ఉందన్నాడు కదా.

స్పాంజి మార్చాల్సిన రోజు వచ్చేసరికి ఉదయ్‌కి ఒళ్ళు కాలిపోతోంది. పొర లాగగానే వచ్చిన వాసనకి భాగ్యరేఖ గోడ పట్టుకుంది. రెండుసార్లు కడిగారు, మందులు మార్చారు. విషం ఒంట్లోకి పాకుతోంది, కాలో ప్రాణమో తేల్చుకోవాలన్నారు. మోకాలి కింద తీసేశారు.

"రోడ్డు మీది మట్టి ముందే లోపలికి పోయింది" అన్నాడు డాక్టరు తర్వాత. "ఆ లీకు వల్లే అని చెప్పలేను. కాదనీ చెప్పలేను."

యార్డు నుంచి ఉదయ్ తోటివాళ్ళు గుంపుగా వచ్చి ఆస్పత్రి మేనేజరు గదిలో బల్ల గుద్దారు. చేతులు కాలాక ఆకులకి లోటుండదు. మిషను అద్దెది, అప్పటికే ఇంకో ఊరు వెళ్ళిపోయింది. మిగిలింది మనుషుల మాట.

"మధ్యాహ్నం నుంచీ మోగే ఉంటుంది సార్" అంది బేబీ హిందీలో. "మోగకుండా ఉండదు. మోగితే పిలవమని ఈ అంకుల్‌కి చెప్పాను."

మేనేజరు అప్పలకొండ మొహంలో మొహం పెట్టి, గట్టిగా అడిగాడు. కోడలు రాకముందు, మధ్యాహ్నం అలారం మోగిందా?

"నై బజా సాబ్. మై వహీఁ బైఠా థా" అన్నాడు అప్పలకొండ. మోగలేదు, నేను అక్కడే కూర్చున్నాను.

తెల్లటి జుట్టు, వణికే గడ్డం, ఎవరికీ ఎదురు చెప్పని మనిషి. అతని మాట కాదని ఏజెన్సీ పిల్ల మాట ఎవరు నమ్ముతారు? ఈ పిల్లే ముందే అలారం నొక్కి ఆపేసి, చూడకుండా వెళ్ళిపోయి ఉంటుందని, అది సాయంత్రానికి గానీ మళ్ళీ మోగలేదని తేల్చారు. మర్నాటి నుంచి రావద్దన్నారు. అందరి కోపమూ కలిసి పిచ్చుక మీద బ్రహ్మాస్త్రమైంది. వెళ్ళేముందు బేబీ మాస్కు తీసి, కళ్ళు తుడుచుకుంటూ, అతనికేసి చూసి ఏదో అంది. ఏడుపులో పెదాలు అందలేదు. అప్పలకొండ తల ఊపాడు.

ఇల్లు చేరాక ఉదయ్ మాటలు తగ్గించేశాడు. ఒకసారి మాత్రం భాగ్యరేఖతో, "మందు ఎఫెక్ట్ అయ్యుంటుంది గానీ, నాకు ఆ మద్దేనం ఏదో మోగినట్టు, నాన్నకి చెప్పినట్టు గుర్తు" అన్నాడు. "కలే. మోగితే నాన్న ఊరుకుంటాడేటి?" అని తనే కొట్టిపారేశాడు.

వానలు వెనకబట్టాక ఒక ఉదయం కరెంటు పోయింది. ఇన్వర్టరు బ్యాటరీ పాతబడింది. అప్పలకొండ దాని పక్కనే కుర్చీలో కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరుతున్నాడు. ఉన్నట్టుండి అమ్ము రెండు చెవులూ మూసుకుని, మొహం వికారంగా పెట్టింది. మంచం మీద ఉదయ్ తల దిండులో దూర్చుకున్నాడు. వంటింట్లోంచి భాగ్యరేఖ చేతులు తుడుచుకుంటూ వచ్చి, అతని వైపు విసుగ్గా చెయ్యి ఊపింది. అమ్ము దగ్గరికొచ్చి అతని మోకాలు కుదుపుతూ, మొహంలోకి అరిచింది.

"తాతా, బంద్ కరో నా! చెవులు పగిలిపోతన్నాయి! పక్కనే ఉండి ఆపవేటి?"

అతను ఇన్వర్టరు వైపు తిరిగాడు. దాని మీద పసుపు దీపం వెలిగి ఆరుతోంది. అరచెయ్యి ఆనించాడు. లోపల ఏదో సన్నగా, ఆపు లేకుండా అదురుతోంది. చెవిలో మాత్రం ఏమీ లేదు. చెవుడుందని అతనికి ఎప్పటి నుంచో తెలుసు. అయితే తనకి కొన్ని మాటలు అందవనుకున్నాడే గానీ, ఇంత మంది చెవులు మూసుకునేంత చప్పుడు తనకి అసలు లేకుండానే పోయిందని తెలియదు. వినపడని చప్పుడు ఉందని చెవిటివాడికి ఎవరు చెప్పాలి? భార్య చెప్పేది. భార్య లేదు.

భాగ్యరేఖ వచ్చి మీట నొక్కి దాన్ని ఆపింది. అమ్ము చెవుల మీంచి చేతులు తీసింది. అప్పలకొండ ఒళ్ళోంచి చేట జారి, బియ్యం నేలంతా పరుచుకుంది.

మర్నాడు ఎవరికీ చెప్పకుండా ఆటో ఎక్కి ఆస్పత్రికి వెళ్ళాడు. బేబీ ఇల్లు ఎక్కడో కనుక్కోవాలి, మేనేజరుకి నిజం చెప్పాలి అనుకుని బయల్దేరాడు. అద్దం వెనకాల కూర్చున్న పిల్ల, అతను అడిగిందానికి, తల పైకెత్తకుండానే ఏదో చెప్పింది. మళ్ళీ చెప్పమని అడగాలని నోరు తెరిచాడు. వెనకాల వరసలోవాళ్ళు తోశారు. తల ఊపి, బయటికొచ్చి, ఎండలో నిలబడ్డాడు. ఆ పిల్ల మేనేజరు ఉన్నాడందో, లేడందో, బేబీ అడ్రసే చెప్పిందో. తన తలని తనే రాయికేసి కొట్టుకోవాలనిపించింది.

ఇంటికొచ్చేసరికి ఉదయ్ మంచం అంచున కూర్చుని, లేని పాదం ఉండాల్సిన చోటుకేసి చూస్తున్నాడు. అప్పలకొండ ఎదురుగా నేల మీద చతికిలబడ్డాడు.

"అది మోగిందిరా" అన్నాడు. "ఆ రోజు. మద్దేనమంతా మోగుంటాది. నాకు చెవుడు. మీ అమ్మకి తెలుసు. షాపులో కూడా మోసం చేసినాను. ఆ నర్సమ్మ తప్పేటి నేదు. నువ్వు కూడా ఏదో అన్నావు, నాకు ఇనపడనేదు. ఇనపడినట్టు తలూపినాను."

ఉదయ్ తలెత్తి తండ్రిని చూశాడు.

"అయితే నాను కల కన్లేదన్నమాట" అన్నాడు. పెదాలు స్పష్టంగా కదిలాయి. ఆ మాట అతనికి పూర్తిగా అందింది.

తర్వాత ఉదయ్ రెండు చేతులతో తొడ పట్టుకుని, కాలిని మంచం మీదికి ఎత్తుకుని, గోడ వైపు తిరిగి పడుకున్నాడు. అటు తిరిగి ఏదో అన్నాడు. వీపు కదలడం కనపడింది. చిన్న మాట కాదు, కాస్త పెద్దదే.

అప్పలకొండ మెడ అలవాటు కొద్దీ కిందికి వంగబోయింది. బలవంతాన ఆపుకున్నాడు. మంచం పట్టె మీద అరచెయ్యి ఆనించాడు. కర్ర సన్నగా అదిరింది. అది ఏడుపో, తిట్టో, క్షమించానన్న మాటో చేతికి తెలియలేదు.

"ఏటన్నావురా?" అని అడిగాడు. బతుకులో ఎవరినీ అడగని మాట. "నాకు ఇనపడనేదు బాబూ. ఇటు తిరిగి ఇంకొక్కసారి చెప్పు."

ఉదయ్ తిరగలేదు, మళ్ళీ చెప్పలేదు.